పైపు గొంతు నొక్కిందెవరు?

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలు.

"నాలుగింటికి జీపు కదులుతుంది మేడం," అన్నాడు ఫోన్లో ఎస్సై. "బాలరాజును మేడ్చల్ కోర్టులో జడ్జిగారి ముందు నిలబెట్టాలి. మీ దగ్గరేమైనా ఉంటే ఆలోపు తెచ్చి నా బల్ల మీద పెట్టండి. ఫోన్లో కథలొద్దు. వస్తువు కావాలి."

"తెస్తాను," అంది యమున, తన దగ్గర చిటికెడు సాక్ష్యం కూడా లేకపోయినా.

యమున ప్రైవేటు డిటెక్టివ్. పెళ్లయి ఇరవై ఆరు రోజులు. మెడలో పసుపుతాడు ఇంకా కొత్తగానే ఉంది. హెల్మెట్ పెట్టుకున్న ప్రతిసారీ అది బెల్టులో చిక్కుకుంటుంది, దాన్ని విడదీసుకుంటూ ఆమె తనలో తాను నవ్వుకుంటుంది. పొద్దున భర్త భార్గవ్ కట్టిచ్చిన టిఫిన్ డబ్బాలో పులిహోర ఒకచోట, వేయించిన పల్లీలు మెత్తబడకుండా విడిగా కాగితం పొట్లంలో ఒకచోట. ఆ పొట్లం విప్పినప్పటినుంచి లోకమంతా మంచివాళ్లే ఉన్నారనిపించింది ఆమెకు. రెండింటి దాకా. రెండింటికి అదే భార్గవ్ మెసేజ్ పెట్టాడు: "టీవీలో మీ నిఖిల్ ఇంటర్వ్యూ చూశా. ఎంత బాగా మాట్లాడాడో!"

మీ నిఖిల్!

ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్లూ మొదటి ర్యాంకు నిఖిల్‌ది, రెండోది యమునది. ఇప్పుడతను ఒక బీమా కంపెనీ తరఫున ప్రమాదాల గుట్టు తేల్చే పరిశోధకుడు. ఆమె ఎక్కడికి వెళ్లినా అతని తెల్ల కారు అక్కడ ముందే ఆగి ఉంటుంది. లాల్‌గడి మలక్‌పేట్‌లో జనార్ధన్ రెడ్డి తోట గేటు దాటి స్కూటర్ ఆపగానే ఈరోజూ అదే కనిపించింది. 

కేసు చెప్పుకుంటే చిన్నదే. జనార్ధన్ రెడ్డి కొడుకు అన్వేష్‌కు టర్బో ఉన్న స్పోర్ట్స్ కారు ఉంది. మొన్న ఆదివారం పొద్దున, తండ్రి వేసిన కొత్త వెంచరులో ఇళ్లు లేని తారు రోడ్డు మీద గేటు మూసుకుని, నాలుగు వందల మీటర్ల పరుగుకు టైము చూసుకుంటున్నాడు. మూడో పరుగులో బానెట్ కింద మంట లేచింది. చేతులూ కాళ్లూ కాలి ఇప్పుడు ఐసీయూలో ఉన్నాడు. నోటి వెంట మాట లేదు.

ఆ కారుకు టర్బో, పొగ గొట్టం బిగించింది దూలపల్లిలో షెడ్డు నడిపే బాలరాజు. వారం కిందట అన్వేష్, ఇకనుంచి బండిని జీడిమెట్లలో వేరే పెద్ద షాపుకు ఇస్తానన్నాడు. ఆ మాటకు మండి బాలరాజు పంపిన వాయిస్ మెసేజ్ పోలీసుల దగ్గరుంది: "నన్ను కాదని పో, చూస్త. ఇగ నీ బండి నడిచినట్టే!" శనివారం బండి చివరిసారిగా అతని షెడ్డు నుంచే వచ్చింది కాబట్టి, అసూయతో కావాలని చెడగొట్టి పంపాడని కేసు పెట్టారు.

ఈ ఉదయం బాలరాజు భార్య కావ్య యమున ఆఫీసు తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉంది. భర్తతో సమానంగా షెడ్డులో వెల్డింగ్ చేసే మనిషి. మోచేతుల దాకా నిప్పురవ్వల మచ్చలు.

"కోపంల అన్న మాట మేడం గది. గా బండిని మా ఆయన బిడ్డ లెక్క చూసిండు. ఒక్కసారి జైలుకు తోలితే రేపటిసంది మా షెడ్డు గడప తొక్కేటోడు ఉండడు. బండ్లు కాలవెట్టే మేస్త్రి అని పేరు పడ్డంక ఎవడు నమ్మి బండి ఇస్తడు?"

ఆ మాట చెవిలో మోగుతుండగానే యమున వరండా మెట్లెక్కింది.

జనార్ధన్ రెడ్డి రెండు రోజుల గడ్డంతో కుర్చీలో కూలబడి ఉన్నాడు. భార్య మనోరమ ఆసుపత్రిలోనే ఉంది. స్తంభానికి ఆనుకుని నిలబడ్డ అమ్మాయి తృప్తి, అన్వేష్ అక్క. ఇరవై ఆరేళ్లుంటాయి.

"శనివారం సాయంత్రం నుంచి చెప్పు," అంది యమున.

"బాలరాజన్న దగ్గరికెల్లి బండి తెచ్చింది నేనే. ఆరు ఇరవైకి దూలపల్లిల ఎక్కిన, ఏడు ఐదుకు గేటు లోపలికొచ్చిన."

"నువ్వెందుకు? బండి తమ్ముడిది కదా."

"వాడు మ్యాచ్ చూస్తుండె. నాకేమో గా బండి నడపాలని ఆశ."

"ఎలా ఉంది?"

తృప్తి కళ్లు వెలిగాయి. "మస్తుండె అక్కా! రింగురోడ్డు మీద కాలు నొక్కితే వీపు సీటుకు అతుక్కపోయింది."

"అసూయ అనిపించలేదా?"

"తృప్తీ, లోపలికి పో," అన్నాడు తండ్రి.

"అడిగిండ్రు, చెప్తున్న బాపు." ఆమె కదల్లేదు. "అనిపించింది. ఎందుకనిపించదు? వానికంటె అర సెకను జల్దీ నడుపుత నేను. టైము చిట్టీలున్నయి, చూపిస్త. అయినా కొత్త బండి వానికి. వాడు నడిపి వదిలేసిన పాత టర్బో బండి నాకు. వాని మీద కుళ్లుకున్న అక్కా, బండి మీద కాదు. గసొంటి బండిని చెడగొట్టనీకె నా చేతులు రావు."

యమునకు ఆ పిల్ల నచ్చింది. కుళ్లును ఇలా ఎండలో ఆరేసినట్టు చెప్పేవాళ్లు అరుదు. ఆమె తనది మాత్రం రెండింటినుంచి కొంగు చాటునే పెట్టుకు తిరుగుతోంది.

"ఆదివారం టైములు?"

"ఆరు యాభైకి మొదటి పరుగు. పదిహేను పాయింట్ తొమ్మిది సెకన్లు. పోయిన నెల గదే రోడ్డు మీద పదమూడు రెండు. ఏడు ఐదుకు రెండో పరుగు, పదహారు నాలుగు. మూడోది ఏడు పద్దెనిమిదికి..." ఆమె ఆగింది.

"రెండుసార్లు బండి నెమ్మదించింది. అయినా మూడోసారి ఎందుకు వెళ్లాడు?"

తృప్తి నేల చూపులు చూసింది. "నేను నవ్విన. 'ట్రాక్టర్ నడుపుతున్నవార' అన్న. గందుకే పంతంల కాలు లేపకుంట నొక్కిండు."

అప్పుడే ట్రాక్టర్ డ్రైవర్ బక్కయ్య మజ్జిగ గ్లాసులు తెచ్చాడు. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్లుగా ఈ ఇంటి ట్రాక్టర్ నడపడం, బాగుచేయడం అతని పనే. పిల్లలిద్దరికీ స్టీరింగు పట్టడం నేర్పింది కూడా అతనే.

"సల్ల తాగు బిడ్డా," అని యమున చేతికి గ్లాసిచ్చి, యజమాని వైపు తిరిగాడు. "నేను మొదటిసంది చెప్తనే ఉన్న పటేలా. నిన్న మొన్న పుట్టిన బాలరాజుకేమెరుక బండి పాణం? మీరు వినకపోతిరి."

మజ్జిగలో అల్లం, కరివేపాకు తగిలి ప్రాణం లేచి వచ్చింది. యమున గ్లాసు ఖాళీ చేసి తోటలోని కార్ల షెడ్డు వైపు నడిచింది. రెండు ముప్పై ఐదు.

కాలిన కారును అక్కడ రిపేరు గుంత మీద నిలబెట్టారు. ముందు భాగమంతా బొగ్గు. నిఖిల్ ఒక డబ్బా మీద లాప్‌టాప్ పెట్టుకుని, మడత నలగని చొక్కాలో కూర్చుని ఉన్నాడు.

"రా రా, సెకండ్ ర్యాంక్. నేను ముగించేశాను. కాఫీ తాగి వెళ్లు."

"కాఫీ మా ఆయన పెడతాడు. నువ్వు ఏం ముగించావో చెప్పు."

"టర్బో మీద ఆయిల్ కారింది. ఎర్రగా కాలుతున్న ఇనుము మీద ఆయిల్ పడితే ఏమవుతుంది? మంట. ఆయిల్ గొట్టం బిగించింది బాలరాజు. బెదిరించింది బాలరాజు. బండి కంప్యూటరు లాగ్‌లో ఆదివారం టర్బో ఒత్తిడి చూడు: రావలసింది ఒకటిన్నర బార్ దరిదాపుల్లో, వచ్చింది సున్నా పాయింట్ ఆరు. టర్బో చచ్చిపోయింది. చంపినవాడు లోపలున్నాడు."

"ఆయిల్ గొట్టం వదులుగా ఉందా?"

"కాలిపోయాక వదులో బిగువో ఎవరికి తెలుసు?"

"నీకు తెలియదన్నమాట," అంది యమున. గోనెసంచి పరుచుకుని టార్చి పట్టుకుని గుంతలోకి దిగింది. దిగుతున్నప్పుడు పసుపుతాడు నట్టుకు తగులుకుంది. ఈసారి నవ్వు రాలేదు.

టర్బో నుంచి వెనకవైపు సైలెన్సర్ దాకా పొగ గొట్టం ఒకే స్టీలు. స్టీలు ఎంత వేడెక్కిందో దాని రంగే చెబుతుంది. కొద్దిగా వేడెక్కితే గడ్డి రంగు, ఇంకా వేడెక్కితే ఊదా, ఆపైన నీలం. యమున టార్చిని మెల్లగా జరిపింది. ముందు నుంచి డ్రైవరు సీటు కింది దాకా గొట్టం నెమలి కంఠంలా ముదురు నీలం. అక్కడ నాలుగు నట్ల జాయింటు. ఆ జాయింటు దాటగానే గొట్టం లేత గడ్డి రంగులో, దాదాపు కొత్తదిలా ఉంది.

ఒకే పొగ పోయే గొట్టం. జాయింటుకు ఇటు కొలిమి, అటు చలికాలం.

ఆమె నట్ల మీద టార్చి వేసింది. బాలరాజు ఏ నట్టు బిగించినా నట్టు నుంచి గొట్టం మీదికి ఒక పసుపు గీత గీస్తాడని కావ్య చెప్పింది. నట్టు కదిలితే గీత విరుగుతుంది. అన్ని జాయింట్ల గీతలూ నిటారుగా ఉన్నాయి. ఈ ఒక్క జాయింటులో నాలుగు గీతలూ విరిగి ఉన్నాయి.

"నిఖిల్, ఫోన్లో వీడియో తీయి. ఇది విప్పుతున్నాను."

"ఎందుకు? మంట ముందు లేచింది, నువ్వు వెనక తవ్వుతున్నావు."

"తీయి బాబూ. నీ ముఖం కూడా పడేలా తీసుకో, టీవీకి పనికొస్తుంది."

నాలుగో నట్టు ఊడగానే జాయింటు విడిపోయి, యమున అరచేతిలో ఒక ఇనుప బిళ్ళ పడింది. మూడు అంగుళాల గొట్టానికి సరిగ్గా అడ్డం పడేంత బిళ్ళ. నడుమ బొటనవేలు పట్టేంత రంధ్రం. దానితోపాటు, పొగ కారకుండా జాయింటు నడుమ వేసే ప్యాకింగ్ ఊడింది. బాలరాజు వాడే స్టీలు ప్యాకింగ్ కాదు. మందపాటి షీటును జాయింటు మీద పరిచి, అంచుల వెంట సుత్తితో చిన్నగా తట్టి తట్టి తెంపిన ప్యాకింగ్. సుత్తి దెబ్బల గుర్తులు ఇంకా ఉన్నాయి. ఈ పద్ధతి ఇప్పటి మేస్త్రీలది కాదు.

వీడియో బిళ్ళ మీదే ఉంది. యమున ప్యాకింగ్‌ను చటుక్కున జేబులో వేసుకుంది. అన్నీ నిఖిల్‌కే ఎందుకు చూపించాలి?

బయటికొచ్చి బిళ్ళను వెలుతురులో తిప్పింది. రంధ్రం అంచులు ఆకురాయితో ఎంతో ఓపికగా నున్నగా రుద్ది ఉన్నాయి. వెనకవైపు మసిని వేలితో తుడిచేసరికి, చిన్న చిన్న చుక్కలుగా కొట్టిన ఒక అక్షరం పైకి తేలింది.

శ్రీ.

పాడుచేయాలనుకున్నవాడు శ్రీకారం చుట్టడు.

తృప్తి, జనార్ధన్ రెడ్డి కూడా అప్పటికి షెడ్డులోకి వచ్చారు. "గింత బిళ్ళకే అంత మంటనా?" అన్నాడు జనార్ధన్ రెడ్డి, నమ్మలేక.

"టర్బో అంటే పొగతో తిరిగే గాలిమర అండీ," అంది యమున. "ఇంజను పొగ బయటికి దూసుకుపోతూ ఆ మరను తిప్పుతుంది. మర తిరిగితేనే ఇంజనుకు గాలి ఎక్కువ అందుతుంది, బండి దూకుతుంది. ఇప్పుడు మర వెనక ఈ బిళ్ళ అడ్డం పెట్టారు. పొగ పోయే దారి లేదు. పరుగెత్తి వచ్చినవాడి మూతి మూసి, సన్నని గొట్టంలోంచి మాత్రమే ఊపిరి వదలమన్నట్టు! మరకు ముందూ ఒత్తిడే, వెనకా ఒత్తిడే. ఇక అది ఎందుకు తిరుగుతుంది?"

"గందుకే పదిహేను తొమ్మిది," అంది తృప్తి మెల్లగా.

"అవును. మెల్లగా నడిపితే తేడా తెలియదు. కాలు మొత్తం నొక్కితేనే పొగ పెరుగుతుంది, వెనక్కి తంతుంది. బండిలోని కంప్యూటరుకేమో బిళ్ళ సంగతి తెలియదు. గాలి చాలడం లేదని పొగనంతా మర మీదికే తోలుతుంది. వేడి కొలిమిలా పెరుగుతుంది. వెనక్కి తన్నిన ఒత్తిడికి ఆయిల్‌ను ఆపే టర్బో సీళ్లు ఓడిపోయి ఆయిల్ బయటికి కారుతుంది. నిఖిల్ చూసిన ఆయిల్ అదే. గొట్టం వదులై కారలేదు. గొంతు నొక్కితే కక్కింది."

నిఖిల్ చప్పట్లు కొట్టాడు. "అద్భుతం! బాలరాజే బిళ్ళ పెట్టి పంపాడన్నమాట. నా కేసు ఇంకా గట్టిపడింది. థాంక్స్."

"శనివారం లాగ్ తెరువు."

"ఏంటి?"

"ప్రమాదం జరిగిన రోజు ఒక్కటే తెరిచావు కదా? శనివారం సాయంత్రం తృప్తి దూలపల్లి నుంచి నడిపి తెచ్చింది. ఆ ఫైలు తెరువు."

నిఖిల్ వేళ్లు కీబోర్డు మీద తడబడ్డాయి. తెర మీద గీత లేచింది. శనివారం ఆరు గంటల నలభై ఒక్క నిమిషం. రింగురోడ్డు మీద టర్బో ఒత్తిడి ఒకటి పాయింట్ నాలుగు. నిండుగా.

"బాలరాజు షెడ్డు నుంచి వచ్చేటప్పుడు బిళ్ళ లేదు," అంది యమున. నాలుగేళ్ల రెండో ర్యాంకు తీపెక్కిన క్షణమది. ఆమె దాన్ని చప్పరించింది. "శనివారం ఏడు ఐదుకూ ఆదివారం ఆరు యాభైకీ నడుమ, ఈ తోటలోనే పెట్టారు. ఆ సమయంలో బాలరాజు ఎక్కడున్నాడు?"

"కావ్యక్క తమ్ముని పెండ్లిల," అంది తృప్తి. "ఆదివారం పగటియాల్ల దాకా ఆడనే. పోలీసోళ్లకు గూడ ఎరుకే. షెడ్డుల చెడగొట్టే పంపిండని వాళ్ల మాట."

నిఖిల్ లాప్‌టాప్ మూసేశాడు. అతని ముఖంలో ఎగతాళి పోయింది. "ఒప్పుకుంటాను. నేను చూడాల్సింది. ఇటివ్వు, కవరులో పెట్టి సీలు వేద్దాం. ఎస్సై నాకు తెలుసు, కారు వాకిట్లోనే ఉంది. మూడు ముప్పావుకల్లా అతని బల్ల మీద పెడతాను."

మూడు పదిహేడు. ఆలోచిస్తే అదే సరైన పని. కానీ యమున కళ్ల ముందు టీవీ తెర మెదిలింది. అందులో నిఖిల్, చేతిలో బిళ్ళ, కింద పెద్ద అక్షరాలు. సోఫాలో భార్గవ్, 'ఎంత బాగా మాట్లాడాడో!'

"అక్కర్లేదు," అంది. "తృప్తి తీసుకెళ్తుంది. నీకంటే బాగా నడుపుతుంది."

"నా బండి తాళాలు బాపు దగ్గరున్నయి," అంది తృప్తి. "ఆదివారంసంది ముట్టనిస్తలేడు."

"ఇయ్య," అన్నాడు జనార్ధన్ రెడ్డి. "ఒక్క బిడ్డ ఆసుపత్రిల ఉన్నడు. సాలు."

"నలభై నిమిషాల్లో ఒక తప్పు చేయని మనిషి జైలుకు పోతాడండీ. మీ అబ్బాయి లేచాక మా ఉస్తాద్ ఏడీ అని అడిగితే ఏం చెబుతారు?"

ఆ పెద్దమనిషి లాల్చీ జేబులోంచి తాళాలు తీసి, కూతురి ముఖం చూడకుండానే చెయ్యి చాపాడు.

కవరు మీద నిఖిల్ సంతకం పెట్టాడు, ఎస్సైకి వీడియో పంపాడు. మూడు ఇరవై నాలుగుకు తృప్తి ఎర్ర బండి దుమ్ము లేపుకుంటూ గేటు దాటింది.

"పెళ్లయినా మారలేదు నువ్వు," అన్నాడు నిఖిల్.

"టీవీలో కనిపించినా నువ్వూ మారలేదులే."

అతన్ని అక్కడే వదిలేసి యమున ఒక్కతే తోట వెనక ట్రాక్టర్ కొట్టం వైపు నడిచింది. జేబులో ప్యాకింగ్ ఉంది. ఈ ఇంట్లో సుత్తితో ప్యాకింగ్ తెంపే చెయ్యి ఒక్కటే ఉంటుందని మజ్జిగ తాగేటప్పుడు తోచలేదు గానీ, బిళ్ళ చూశాక తోచింది. ఆ పేరు కూడా ముందు తన నోటి నుంచే రావాలి.

బక్కయ్య పీట మీద కూర్చుని ట్రాక్టర్ ఫిల్టరు కడుగుతున్నాడు. యమున ఏమీ అనకుండా ప్యాకింగ్ తీసి అతని ముందు పెట్టింది.

ముసలాయన దాన్ని చూసి దాచుకోలేదు. ముఖం చాటేయలేదు. పైగా మురిసిపోయాడు.

"గుర్తుపట్టినవా బిడ్డా? నా చేతి పనే. ఇప్పటి పోరగాండ్లకు గిది రాదు."

"బిళ్ళ కూడా నీదేనా?"

"నాదే. రెండు దినాలు ఆకురాయి పట్టిన. శ్రీ కొట్టి, ఊదుబత్తి ముట్టిచ్చి పెట్టిన. శనివారం పొద్దుగూకినంక బాబు టీవీ ముంగట కూసున్నడు గద, అప్పుడు."

"ఎందుకు బక్కయ్యా?"

"బండి గుంజాలని! నా పాత రాజ్‌దూత్ మోటరుసైకిల్‌కు సైలెన్సర్ జాలి తీస్తే పికప్ పోతుండె. మల్ల పెడితే గుర్రమే. పొగకు జర అడ్డం ఉండాలె బిడ్డా, అప్పుడే బండికి బలం. గా బాలరాజు ఏం జేసిండు? ఇంత లావు గొట్టం పెట్టి బలమంతా బయటికి ఇడిసిపెట్టిండు." అతను ఫిల్టరును కిరోసిన్‌లో ముంచి తీశాడు. "బాబు నన్ను ఉస్తాద్ అని పిలుస్తుండె. నా ఒళ్లె కూసోని ట్రాక్టర్ నేర్సిండు. ఇప్పుడు ఉస్తాద్ అంటే వాడు. బాబు గెలిస్తే, గప్పుడు చెబుదామనుకున్న, గీ గెలుపు బక్కయ్యదిరా అని. వాని టర్బోనే మోసం జేసింది."

అతనికి తెలియదు. రెండు రోజులుగా ఆ మనిషి బాలరాజును తిడుతున్నది నిజంగా నమ్మే తిడుతున్నాడు.

"బక్కయ్యా, పాత బండి వేరు. దానికి టర్బో లేదు. టర్బో బండికి పొగ ఎంత సాఫీగా పోతే అంత బలం. అడ్డం పెడితే..." ఆమె పూర్తి చేయలేకపోయింది. చేయనక్కర్లేకపోయింది. ఫిల్టరు అతని చేతుల్లోంచి కిరోసిన్ గిన్నెలోకి జారింది.

"నేనేనా?" అన్నాడు. "బాబును... నేనేనా?"

అతన్ని చూడలేక యమున చూపు తిప్పుకుంది. గోడకు ట్రాక్టర్ పాత మడ్‌గార్డు ఆనించి ఉంది. బిళ్ళ కోసింది దాని నుంచే. ఉలితో గుండ్రంగా కోసిన జాగా సూర్యుడి వెలుగులో స్పష్టంగా కనిపిస్తోంది.

ఒకటి కాదు. పక్కపక్కనే రెండు.

"రెండోది ఏది బక్కయ్యా?"

ముసలాయన మడ్‌గార్డు వైపు చూశాడు. "ఇద్దరు పిల్లలు గద బిడ్డా. ఇద్దరినీ నేనే ఎత్తుకున్న. ఒక్కనికి పెట్టి ఒకదానికి పెట్టకుంటే తృప్తమ్మ చిన్నబుచ్చుకోదా? ఇప్పటికే కొత్తది వానికి, పాతది దానికి అని ఏడుస్తది..."

ఆ తర్వాతి మాట యమున వినలేదు. ఫోన్ నొక్కుతూ, నిఖిల్ పేరు పెట్టి అరుస్తూ వాకిట్లోకి పరుగెత్తుతోంది. తన కారులో తానే తీసుకెళ్తానన్న మనిషిని కాదంది. నోరు తెరిచి ఒక్క పేరు చెప్పి ఉంటే బిళ్ళలు రెండని అప్పుడే తేలేది. అదీ మింగింది. మూడు ముప్పై ఏడు.

మూడో మోతకు తృప్తి ఎత్తింది.

"చెప్పక్కా! నేనే చేద్దామనుకున్న. శామీర్‌పేట కాడ రింగురోడ్డు ఎక్కిన. ఏందో, బండి గుంజుతలేదు. కాలు మొత్తం కిందికే నొక్కి పెట్టిన. కాలిన ఆయిల్ వాసన గూడ వస్తాంది."

"కాలు తియ్యి తృప్తీ! పక్కకు ఆపు, దిగి దూరంగా పరుగెత్తు. బిళ్ళ..."

"బిళ్ళకేం కాలేదక్కా. పక్క సీట్లనే పెట్టుకున్న."

"అది మీ తమ్ముడిది!" యమున అరిచింది. "నీది నీ బండి కిందే ఉంది."

నిఖిల్ అప్పటికే కారు స్టార్ట్ చేసి తలుపు తీసి పట్టుకున్నాడు. యమున ఎక్కుతుండగా తృప్తి మాట వినిపించింది, తనతో తాను అనుకున్నట్టు.

"ఇప్పుడు ఆపితే నాలుగింటికి అందనక్కా. బాలరాజన్నను తీస్కపోతరు."

"తృప్తీ, వద్దు!"

ఫోన్లోంచి ఇంజను మోత ఒక్కటే వినిపిస్తోంది. అది తగ్గడం లేదు.